డబ్బాలో ఎక్కువైన చింతగింజలు

మా ఉన్నత పాఠశాల ఆయమ్మ గత గురువారం ఉదయం, ప్రార్థన గంట కొట్టడానికి కొద్దిసేపటి ముందు, తిరుపతిలోని ఒక ఆస్పత్రిలో మరణించింది. ఆ సంగతి పాఠకులకు తెలియజేయవలసిన బాధ్యత ప్రధానోపాధ్యాయుడిగా నా మీద పడింది. ఆమె కోడలు ఫోన్ చేసి, "అత్త పోయింది సార్" అని మూడు మాటల్లో ముగించింది. గర్భసంచి ముఖద్వారానికి వచ్చిన క్యాన్సర్ అని డాక్టర్లు కాగితం మీద రాశారు. నెలసరి ఆగిపోయి ఏళ్లు గడిచిన మనిషికి మళ్లీ నెత్తురు కనపడిన తొలిరోజుల్లోనే వచ్చి చెప్పి ఉంటే చేయగలిగింది చాలా ఉండేదని నోటితో చెప్పారు. దాదాపు ఎనిమిది నెలలు ఆమె ఎవరికీ చెప్పలేదు. మా బడిలోని ఆడపిల్లలందరికీ చెప్పడం నేర్పిన మనిషి, తన సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేకపోయిందో విచారించి నివేదిక సమర్పించమని నన్ను ఎవరూ ఆదేశించలేదు. ఆదేశం లేకుండా నేను రాస్తున్న మొదటి నివేదిక ఇది.

ఎవరు పోతే ఎంతసేపు మౌనం పాటించాలనే విషయంలో మా కార్యాలయాల్లో ఒక ఆనవాయితీ ఉంది. అందులో ఆయాల ప్రస్తావన లేదు. కనుక నా విచక్షణ మేరకు రెండు నిమిషాలని నిర్ణయించి, గడియారం చూసి, 'విశ్రాం' చెప్పాను. మగపిల్లల వరుసలు కదిలాయి. ఆడపిల్లల వరుసలు కదలలేదు. నేను మళ్లీ గడియారం చూశాను. ఆ రోజు మొదటి పాఠం ఆలస్యంగా మొదలైంది. ఆలస్యానికి కారణం అనే గడిని ఖాళీగా వదిలాను.

ఆమె విధులు నియామక పత్రంలో స్పష్టంగా ఉన్నాయి: మరుగుదొడ్లు కడగడం, వరండా ఊడ్వడం, నీళ్లు పట్టడం. బోధన అందులో లేదు. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఆదివారం చర్చిలో పాడే పాటల్ని మిగతా ఆరు రోజులూ ఫినాయిలు బకెట్టు పక్కన పాడుకునేది. వరండా చివర బోర్లించిన రంగు డబ్బా ఆమె ఆసనం. ఉదయం ప్రార్థనలో మేమంతా జెండా వైపు చూస్తుంటే, ఆమె మాత్రం ఆడపిల్లలు నిలబడిన తీరును చూసేది. ఎవరు బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుస్తున్నారు, ఎవరు చున్నీని నడుముకు అడ్డంగా పట్టుకున్నారు, ఎవరి పెదాలు ఎండిపోయాయి. ప్రార్థన అయ్యేలోగా ఆమె హాజరు పూర్తయ్యేది. నా హాజరుకు ఇంకో అరగంట పట్టేది.

ఇక్కడ బీరువా సంగతి చెప్పాలి. బాలికల కోసం పైనుంచి ప్యాడ్ల అట్టపెట్టెలు వచ్చాయి. వాటిని భద్రపరచాలని ఉత్తర్వు. మా బడిలో తాళం పడే బీరువా ఒక్కటే. అది నా గదిలో ఉంది. ఉపాధ్యాయురాలి పోస్టు అప్పటికి ఖాళీ. బీరువా మీద వేంకటేశ్వరస్వామి పటం, దీపపు కుందె, ప్రతి శుక్రవారం కర్పూరం. ఇటువైపు కార్యాలయాల్లో ఇది వింతేమీ కాదు, లేకపోతేనే వింత. నేను ఒక రిజిస్టరు తయారుచేశాను. పేరు, తరగతి, తేదీ, అవసరమైన కారణం, సంతకం. రెండు విద్యా సంవత్సరాలు గడిచాయి. ఒక్క పేరు కూడా చేరలేదు. 'వినియోగం లేదు. బాలికల్లో అవసరం కనిపించలేదు' అని పైకి రాశాను. నిల్వలను చక్కగా కాపాడినందుకు ఒక సమావేశంలో నన్ను మెచ్చుకున్నారు.

ఆ సమావేశం నుంచి వచ్చిన మరునాడు ఆయమ్మ నా గది గడప దగ్గర నిలబడింది. ఊడ్చేటప్పుడు తప్ప ఆమె గడప దాటేది కాదు.

"అయివోరా, ఆ బీరువా మింద ఉండే సామి ఎన్ని గంటలకు ఇంటికి పోతాడు?"

దేవుడు ఎక్కడికీ పోడని చెప్పాను.

"అదే కద తంటా. ఆయన పోడు, పిల్లోళ్లు రారు. ఆ నాలుగు దినాలు గుడి వీదిలో గూడా నడవనీరు వాళ్లని. మీరు సామి పాదాల కింద పెట్టి, కర్పూరం ఎలిగిచ్చి, వచ్చి తీసుకోమంటే యాడొస్తారు?"

నేను జీవశాస్త్రం ఉపాధ్యాయుణ్ని. ఇరవై ఏళ్ల సర్వీసు. ఈ సంగతి నాకు తట్టలేదు. తట్టలేదని ఒప్పుకోవడానికి నియమావళిలో అవకాశం లేనందున, పటాన్ని కదిలించే విషయం సిబ్బంది సమావేశంలో పెడతానన్నాను. పెట్టాను. అది పాత ప్రధానోపాధ్యాయులు ప్రతిష్ఠించిన పటమనీ, తూర్పుముఖంగా ఉందనీ, పదో తరగతి ఫలితాలు వచ్చేదాకా కదిలించడం మంచిది కాదనీ తెలుగు పండితులు అభిప్రాయపడ్డారు. తదుపరి సమావేశంలో చర్చించాలని తీర్మానించడమైనది. తదుపరి సమావేశంలో దాని తదుపరి సమావేశానికి వాయిదా వేయడమైనది. ఒక్క ఆడమనిషి కూడా లేని ఆ గదిలో, ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నామో ఆ వస్తువు పేరు రెండు సమావేశాల్లోనూ ఎవరూ పలకలేదు. 'సదరు సామగ్రి' అన్నాం.

మూడో సమావేశం దాకా ఆయమ్మ ఆగలేదు. సొంత ఇంటి నుంచి ఒక రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చింది. "సామిని కదిలిచ్చొద్దులే. పాపం, ఆయనేం జేసినాడు. అట్టపెట్టెల్నే కదిలిస్తాం." తాత్కాలిక ప్రాతిపదికన అప్పగించాను. రిజిస్టరు కూడా ఇవ్వబోతే తీసుకోలేదు. పేరు అడిగితే ఒక్కతి కూడా రాదంది. లెక్క ఎలా అన్నాను. మరునాడు ఒక పాలపొడి డబ్బా, కొంగు నిండా చింతగింజలు తెచ్చింది. ప్యాడ్ తీసుకున్న పిల్ల ఒక గింజ డబ్బాలో వేస్తుంది. అడిగేవాళ్లుండరు, రాసేవాళ్లుండరు. నెలాఖరున నేను తలుపు వేసుకుని గింజలు లెక్కపెట్టి, రిజిస్టరులో ఆ సంఖ్య ఎక్కించేవాణ్ని. 'అవసరమైన కారణం' అనే గడిలో 'స్వంత పని' అని రాసేవాణ్ని. పైనుంచి ఎన్నడూ అభ్యంతరం రాలేదు.

పునరుత్పత్తి వ్యవస్థ అనే పాఠాన్ని 'ఇంటి దగ్గర చదువుకోండి' అనే పద్ధతిలో ఇరవై ఏళ్లు విజయవంతంగా బోధించినవాణ్ని నేను. ఆ పాఠాన్ని ఆయమ్మ శుక్రవారం మధ్యాహ్నాలు బాలికల మరుగుదొడ్ల వెనక వరండాలో చెప్పేది. మగపిల్లలు అటు రాకుండా నేను మలుపులో కాపలా ఉండేవాణ్ని. భార్యతో, కూతురితో ఒకే ఇంట్లో ఇన్నేళ్లు ఉండి తెలుసుకోనిది ఆ మలుపులో, గోడకు వీపు ఆనించి తెలుసుకున్నాను. ఐదారు గంటలకొకసారి మార్చుకోవాలి, తడవకపోయినా సరే. గుడ్డ వాడేవాళ్లు ముందు చల్లనీళ్లలో జాడించి, సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేయాలి. ప్యాడ్‌ను కాగితంలో చుట్టి మూత ఉన్న బుట్టలో వేయాలి, మరుగుదొడ్డి గుంతలో కాదు. ముందూ వెనకా చేతులు కడుక్కోవాలి. ఆ దినాల్లో కూడు తగ్గించకూడదు. మామూలుగా వచ్చే తేదీ తప్పినా, రాకూడనప్పుడు వచ్చినా, వాసన మారినా, దాచకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.

ఈ చివరి వాక్యాన్ని ఆమె ప్రతి శుక్రవారం చెప్పేది. నేను ప్రతి శుక్రవారం విన్నాను.

"ఎండకు సిగ్గు లేదు పాపా, నీకెందుకు?" అనేది. పిల్లలు కిసుక్కుమనేవాళ్లు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ లేపి, 'నాకు నెలసరి వచ్చింది' అని పైకి అనిపించేది. సగం మంది చున్నీ అంచు నమిలేవాళ్లు, సగం మంది పక్కదాని భుజంలో మొహం దాచుకునేవాళ్లు. "నెత్తురుకు నోరు లేదు. నువ్వే సెప్పల్ల" అని వదిలిపెట్టేది కాదు.

ఒక్క పిల్ల మాత్రం ఎన్నిసార్లు లేపినా నోరు తెరవలేదు. తొమ్మిదో తరగతి. ఆమె తల్లి తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి శ్రీసిటీకి పోయేది. ఇంట్లో ఉండేది అవ్వ. ఆ పిల్ల నెలకు ఐదు రోజులు బడికి వచ్చేది కాదు. తరచుగా గైర్హాజరయ్యే పిల్లల ఇళ్లకు ప్రధానోపాధ్యాయుడు స్వయంగా వెళ్లాలనే నిబంధన మేరకు వెళ్లాను. ఏ నిబంధనా లేని ఆయమ్మ నా వెంట వచ్చింది. నగరి పట్టణానికి అవతల, మరమగ్గాల చప్పుడు దాటిన తర్వాత వచ్చే చిన్న ఊరు. పిల్ల ఇంట్లో లేదు. పశువుల కొట్టం పక్కన చాప మీద ఉంది. పక్కనే ఒక గ్లాసు, ఒక కంచం. ఒళ్లు వెచ్చగా ఉందని ఆయమ్మ చేయి వేసి చూసి చెప్పింది. గుడ్డలు ఎక్కడ ఆరేస్తావని అడిగింది. పిల్ల కళ్లు కొట్టం కప్పు వైపు పోయాయి. ఆయమ్మ కప్పు మీది బోదగడ్డిలోకి చేయి పెట్టి, ముడుచుకుపోయిన తడిగుడ్డ ఒకటి బయటికి లాగింది. దాని మీద బూజు నల్లగా పట్టింది. దాన్ని నా ముందు పట్టుకుని, "సూడండి అయివోరా" అంది. నేను ఆకాశంలో మబ్బుల పరిస్థితిని పరిశీలించాను.

అవ్వ గడప మీది నుంచి లేచింది. ఎండలో ఆరేస్తే పాము చూస్తుందని, పాము చూస్తే పిల్ల గొడ్రాలవుతుందని, ఇది తన అమ్మ చెప్పిందని, ఆమెకు వాళ్లమ్మ చెప్పిందని వివరించింది. పై నుంచి కిందికి, వరుస తప్పకుండా వచ్చిన ఉత్తర్వు. నాకు అర్థమైంది.

"నా గుడ్డలు ముప్పై ఏండ్లు ఎండలోనే ఆరినాయి" అంది ఆయమ్మ. "నలుగుర్ని కన్నాను. మీ పాముకు కండ్లు కనపడవేమో అవ్వా, ఒగసారి డాక్టరుకు సూపీ."

అవ్వకు నవ్వు వచ్చింది. రాకూడదని ఆపుకుంది. "నీకు నోరుండాదిలే తల్లీ."

"నీ మనవరాలికీ ఉండాది. దాన్నీ వాడుకోనీ."

ఆ మధ్యాహ్నమే ఆయమ్మ పిల్లను ఆస్పత్రికి తీసుకుపోయింది. వచ్చే నెల ఆ ఐదు రోజులూ పిల్ల బడికి వచ్చింది. పదో తరగతికి వచ్చేసరికి రేకుపెట్టె తాళంచెవి ఆ పిల్ల మెడలో దారానికి వేలాడేది. అప్పటికీ ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు.

నిరుడు వానాకాలంలో ఆయమ్మ నా గడప దగ్గరికి వచ్చింది. చేతిలో సెలవు చీటీ. కారణం దగ్గర 'సొంత పని' అని ఉంది. గదిలో తెలుగు పండితులు, గుమస్తా ఉన్నారు. సరైన కారణం రాయాలన్నాను. ఆమె వాళ్లిద్దరి వైపు చూసి, ఒళ్లు బాగలేదంది. అయితే డాక్టరు సర్టిఫికెట్ జతపరచాలన్నాను.

"సర్టిపికెట్ కావల్లంటే ఆస్పత్రికి పోవల్ల కద అయివోరా. ఆస్పత్రికి పోయేదానికే కద లీవు."

వాదన బాగుందని మెచ్చుకుని నవ్వాను. పండితులూ నవ్వారు. ఆ వారం తనిఖీ ఉందని, మరుగుదొడ్లు ముందుగా చూస్తారని, తనిఖీ అయ్యాక చూద్దామని అన్నాను. ఆమె ఇంకొంచెం సేపు నిలబడింది. ఏదో అంటుందనుకుని నేను తల ఎత్తాను. వెళ్లిపోయింది. ఎప్పుడూ నీళ్లలో ఉండే పాదాలు గనక, గడప అవతల సిమెంటు మీద రెండు తడి అడుగులు మిగిలాయి, వేళ్లు నా వైపు తిరిగి. అవి ఆరిపోవడం నేను చూశాను. ఇప్పుడు గడప అవతల ఎవరూ తడి కాళ్లతో నిలబడరు. అయినా పది గంటల ప్రాంతంలో ఫైలు మీది నుంచి తల ఎత్తితే సిమెంటు ఆ రెండు చోట్ల నల్లగానే ఉంటుంది. కొత్తగా వచ్చిన ఆయాను అక్కడ తుడవమన్నాను. పొడిగానే ఉంది సార్ అంది.

తనిఖీ బాగా జరిగింది. ఆమె మరోసారి చీటీ తెచ్చింది, అదే కారణంతో. నేను మళ్లీ అదే అడిగాను. మూడోసారి తేలేదు.

ఆ నెలల్లోనే డబ్బాలో గింజలు పెరిగాయి. ఒక నెల కొన్ని, మరుసటి నెల ఇంకొన్ని. పిల్లల సంఖ్య పెరగలేదు, గింజలు పెరిగాయి. 'బాలికల్లో అవగాహన గణనీయంగా మెరుగుపడినది' అని పైకి రాశాను. అభినందన వచ్చింది. దాన్ని గదిలో అతికించాను.

ఆమె వరండాలో పడిపోయిన రోజున కోడలు వచ్చి తిరుపతికి తీసుకుపోయింది. మరుసటి వారం నేను చూడబోయాను. మంచం మీద ఆమె చాలా కొంచెమే ఉంది. గోడవైపు తిరిగి ఉన్నది నన్ను చూసి లేవబోయింది. కోడలు పడుకోమంది. కాసేపు బడి సంగతులు అడిగింది. బుట్టకు మూత వేస్తున్నారా, నీళ్లు వస్తున్నాయా అని. ఆ తర్వాత నేను అడగకుండానే చెప్పింది.

"మీకు సెప్పల్లనే వచ్చినాను అయివోరా, ఆ పొద్దు. గడప కాడికి వచ్చినాక నోరు రాలేదు. అంతమంది మొగోళ్లు. పిల్లోళ్లతో అనిపిచ్చినాను గానీ, నేనెప్పుడూ ఒగ మొగోడి ముందర అనలేదు. అప్పుడు తెలిసినాది, పిల్లోళ్లను ఎంత కష్టపెట్టినానో."

నేను ఏమన్నానో గుర్తుంది గానీ రాయదగింది కాదు. సెలవు మంజూరు చేస్తున్నానన్నాను.

గింజల సంగతి నాకు ఆమె చెప్పలేదు. మౌనం పాటించిన గురువారం నాడే, పదో తరగతికి వచ్చిన ఆ తాళంచెవి పిల్ల నా గడప దాకా వచ్చి, ఆగి, దాటి, లోపలికి వచ్చి చెప్పింది. కొన్ని నెలలుగా ఆయమ్మ పెట్టెలోంచి తనకోసం ప్యాడ్లు తీసుకునేదట. తీసుకున్న ప్రతిసారీ ఒక గింజ వేసేదట. ఈ వయసులో నీకెందుకు ఆయమ్మా అని పిల్ల అడిగిందట. "లెక్క తప్పకూడదు కద పాపా" అని మాత్రం అందట. పిల్ల అది నాతో చెప్పాలా వద్దా అని నెలల తరబడి ఆలోచించిందట. చెప్పాక, ఏడవకుండా నిలబడి, "నేను సెప్పింటే బతికుండేదా సార్?" అని అడిగింది. ఆ ప్రశ్న తను వేసుకోవాల్సింది కాదని, అది నా పేరున వచ్చిన ప్రశ్న అని పిల్లకు చెప్పాను. అది నా ఉద్యోగ జీవితంలో నేను జారీ చేసిన ఏకైక సరైన ఉత్తర్వు. గోడ మీది అభినందన పత్రం ఆ సాయంత్రం తీసేశాను. కింద ఉన్న సున్నం మిగతా గోడకంటే తెల్లగా ఉంది.

శుక్రవారం సమాధి కార్యక్రమం. ముందురోజు సాయంత్రం వాన పడింది. శ్మశానం రోడ్డు పక్కనే, ఎర్రమట్టి నేల. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టబోతున్నారు. బడిపిల్లలు గేటు దాకా వచ్చారు. కొట్టం ఇంటి అవ్వ కూడా వచ్చింది, తన కులం కాదు, మతం కాదు, అయినా వచ్చింది. చాలా ఏడ్చింది. ఏడుస్తూనే గేటు దగ్గర నిలబడి, పిల్లల మంచికేనని, ఆ దినాల్లో బయటున్న బిడ్డలెవరన్నా ఉంటే లోపలికి పోవద్దని, గాలి సోకుతుందని అంది. ఆడపిల్లల గుంపు ఆగింది. ఎవరు ఆగిపోతే వాళ్ల సంగతి అందరికీ తెలుస్తుంది గనక, అందరూ ఆగారు. లోపల మగవాళ్లు ఆలస్యమెందుకని తలలు తిప్పి చూశారు. నేను గేటు మధ్యలో ఉన్నాను.

తాళంచెవి పిల్ల గుంపులోంచి ముందుకు వచ్చింది.

"అవ్వా, నాకీపొద్దు రెండో దినం" అంది. శవపెట్టె చుట్టూ నిలబడినవాళ్లకు, పాస్టరుకు, తెలుగు పండితులకు, నాకు, అందరికీ వినపడేటట్టు అంది. మెడలోని తాళంచెవిని పట్టుకుని పూర్తి చేసింది. "నెలసరి వచ్చింది నాకు. ఆయమ్మకు మట్టేసి వస్తాను."

అవ్వ నోరు తెరిచి నా వైపు చూసింది, పెద్దవాడినని, అయివారినని. ఆ సమయంలో నా అధికార పరిధిలో ఉన్న చర్య ఒక్కటే. గేటుకు అడ్డం లేకుండా పక్కకు జరిగాను. పిల్ల లోపలికి పోయింది. ఆమె వెనక గుంపంతా పోయింది. ఎవరికి ఎన్నో రోజో ఎవరూ అడగలేదు. తడి ఎర్రమట్టి పిడికిళ్లతో పెట్టె మీద పడిన చప్పుడు చాలాసేపు వినపడింది. అవ్వ గేటు బయటే ఉండిపోయి, చివరికి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

తిరిగి పోయేటప్పుడు పిల్లలు నా ముందు నడుస్తున్నారు. ఆ పిల్ల ఏడుస్తూ, ఆలోచన లేకుండా, మట్టి చేతిని వెనక యూనిఫాం మీద తుడుచుకుంది. లేతరంగు బట్ట మీద ఎర్రటి మరక, అరచేయంత, అందరికీ కనపడేచోట. వెనక నడుస్తున్న స్నేహితురాలు చూసింది. ఈ పిల్లలు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఒకరి వెనక ఒకరు కాపలా కాసే మరక అది. చెప్పబోయి, చున్నీ అడ్డం వేయబోయి, ఆగిపోయింది. ముందున్న పిల్ల కూడా అరచేతిని చూసుకుంది, ఏం జరిగిందో తెలుసుకుంది. వెనక్కి తిరిగి చూసుకోలేదు. చెన్నై బస్సు కోసం నిలబడిన జనం మధ్య నుంచి, మరమగ్గాల వీధి మలుపు దాకా, ఆ ఎర్రటి చేతిగుర్తుతో నిటారుగా నడిచిపోయింది.